ట్రియెస్తె: ఎవరు లెక్కపెట్టారు?



నా సిద్ధాంతగ్రంథం చిత్తుప్రతిలో "ఇటాలియన్లు ఇంతమంది, స్లొవీన్లు ఇంతమంది" అని రాసిన ప్రతిచోటా మాస్టారు మార్జిన్‌లో ఎర్రసిరాతో ఒకటే ప్రశ్న వేసేవారు: "ఎవరు లెక్కపెట్టారు?" ఆ ప్రశ్నకు బాకీపడ్డ జవాబే ఈ ఉపన్యాసం.

1382లో ఏడ్రియాటిక్ తీరపు ట్రియెస్తె పట్నం ఆస్ట్రియా హాప్స్‌బర్గుల నీడన చేరడం, 1719లో ఆరో చార్లెస్ దాన్ని స్వేచ్ఛా ఓడరేవు చేయడం మీకు తెలిసినవే. నెపోలియన్ సేనలు వచ్చాయి, పోయాయి. ఆ భాగం చదువుతుంటే నాకు నిద్ర వస్తుంది. 1857లో వియన్నా నుంచి రైలు వచ్చింది.

నా మనసంతా 1910 దగ్గరే. ఆస్ట్రియా జనాభా లెక్కల కాగితం మాతృభాష ఏమిటని అడగలేదు, వాడుక భాష ఏమిటంది. ఊరిని ఆనుకుని కార్స్ట్ సున్నపురాతి పీఠభూమి. దాని మీదివి స్లొవీన్ పల్లెలు. అక్కడినుంచి దిగివచ్చి ఇటాలియన్ల ఇంట అంట్లు తోముకునే పిల్ల "వస్తున్నానమ్మా" అని ఏ భాషలో అంటుంది? యజమానురాలి భాషలోనే గదా! కాగితం మీదా అదే ఎక్కేది. పైగా లెక్క తీసింది ఇటాలియన్ జాతీయవాదుల చేతిలో ఉన్న పురపాలక సంఘం. గోల లేచింది. వియన్నా మళ్లీ లెక్కించమంది. ఈసారి స్లొవీన్లు దాదాపు 20 వేలు పెరిగి 57 వేల దాకా తేలారు. ఊరు మొత్తం చూస్తే సుమారు 2 లక్షల 30 వేలు.

ఇక్కడే కొందరు మిత్రులతో నాకు పాతికేళ్లుగా పేచీ. గుమాస్తాల పొరపాటంటారు వారు. అయ్యా, కిరాణాకొట్టువాడి పద్దుల్లో తప్పులన్నీ ఖాతాదారు నెత్తికే వస్తుంటే దాన్ని పొరపాటంటామా? సవరించిన లెక్క సిసలైనదనే వారు ఇంకొందరు. అదీ నేనొప్పను. ఇంట్లో రెండు భాషలూ మాట్లాడే మనిషి ఒక్కటే రాయాలి. రెండోదానికి ఆ కాగితంలో చోటే లేదు. పట్నం ఒకరిదీ చుట్టూ పల్లెలు ఇంకొకరివీ అయితే ఏమవుతుందో మద్రాసు కోసం పోట్లాడిన మనకు వేరే చెప్పాలా? 1953 అక్టోబర్ 1న మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. సరిగ్గా వారానికి, 8న, తమ అధీనంలోని ట్రియెస్తెను ఇటలీకి అప్పగిస్తామని బ్రిటన్, అమెరికా ప్రకటించాయి.

కాస్త ముందుకు దూకాను, మన్నించండి. 1918 నవంబర్‌లో ఇటలీ సేన దిగింది. 1920 జూలై 13న ఫాసిస్టులు నరోద్ని దోమ్‌ను తగలబెట్టారు. స్లొవీన్ల నాటకశాల, బ్యాంకు, హోటలు అన్నీ ఆ ఒక్క కప్పు కిందే ఉండేవి. తర్వాత ఇంటిపేర్ల వంతు. వోదోపివెత్స్‌ను బెవిలాక్వా చేశారు. రెండింటిలోనూ నీళ్లు తాగడమే ఉంది. మనిషి తాగే నీళ్లు మారలేదు, పేరు మారింది.

అధ్యక్షులవారి చీటీ వచ్చింది, రెండు నిమిషాలట. 1943లో జర్మన్లు, 1945 మే 1న యుగోస్లావియా నాయకుడు టిటో సేన, నలభై రోజుల పాలన, కార్స్ట్ గోతుల్లో పడిన శవాలు. అది ఒక సాయంత్రానికి సరిపడే కథ, రెండు నిమిషాల్లో చెబితే పాపం. 1947లో బ్రిటన్, అమెరికాల చేతిలో ఏ మండలం, యుగోస్లావియా చేతిలో బీ మండలం; 1954లో ఇటలీకీ యుగోస్లావియాకూ వాటి పంపకం; 1975లో దాన్ని ఖాయం చేసిన ఒసిమో ఒప్పందం; 2007 డిసెంబర్‌లో స్లొవీనియా సరిహద్దు తనిఖీలు ఎత్తేశారు.

నరోద్ని దోమ్ సంగతి ఒక్కటి చెప్పి దిగిపోతాను. తగలబడ్డ నూరేళ్లకు, 2020లో అదే జూలై 13న, దాన్ని స్లొవీన్లకు తిరిగి ఇచ్చే పత్రం మీద సంతకాలయ్యాయి. అప్పటికి ఆ భవనంలో విశ్వవిద్యాలయంవారు దుబాసీలకు, అనువాదకులకు చదువు చెబుతున్నారు.