జనాభా లెక్కల్లో తాతలు దొరకరు

విడవలూరులో మాస్టారి పేరిట పెట్టిన ఎండోమెంటు ఉపన్యాసానికి మాట్లాడమంటే కాదనలేకపోయాను. ఆయన పాండిత్యం మీకు నేను చెప్పేదేముంది? బాస్వెల్ దొర 1873లో వేసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ నా దగ్గర పుచ్చుకుని, అంచుల నిండా పెన్సిల్‌తో నన్ను తిట్టి తిరిగిచ్చారు. అందులో ఒక తిట్టుకు ఇవాళ జవాబు చెబుతాను. "1871 లెక్కల్లో మనవాళ్ల పేర్లుంటాయి, వెతికే ఓపిక నీకు లేదు" అన్నది ఆయన వాదన.

ఊరి చరిత్ర చెప్పే కైఫియత్తులు, మాన్యాలు రాసిన ఇనాం రిజిస్టర్లు, భూమి శిస్తుల సెటిల్‌మెంటు రిజిస్టర్ల సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నాను. భూమి ఉన్నవాడి తాత సెటిల్‌మెంటు రిజిస్టర్లో సర్వే నంబరు పక్కన, శిస్తు పక్కన పట్టాదారుగా కనిపిస్తాడు. గొడవంతా జనాభా లెక్కలతోనే. "1881 సెన్సస్ ప్రకారం మా ముత్తాత" అని కుల చరిత్రలు అచ్చేస్తున్నారు. ఏ పుటలో స్వామీ? 1871 మద్రాసు రాజధాని లెక్కల మీద కార్నిష్ రాసిన నివేదిక తిరగేయండి. కులం, మతం, వృత్తి, చదువు అన్నీ పట్టికలకెక్కాయి, ఇంటి మనిషి మాత్రం లేడు. ఇంటింటికీ తిరిగి రాసిన కాగితాలను లెక్క తేలాక ఉంచలేదు. ఇప్పటివైతే 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ కింద ఎవరికీ చూపరు, కోర్టులో సాక్ష్యానికీ పనికిరావు. బ్రిటన్‌లో నూరేళ్లకు, అమెరికాలో 72 ఏళ్లకు పేర్లతో సహా బయటపెడతారు. ఆ దేశాల వంశచరిత్ర పుస్తకాలు చదివి ఇక్కడ తాతల్ని వెతికితే ఎట్లా?

"మరి అస్సాంలో 1951 పేర్లు దొరికాయిగా" అని ఒకాయన ఉత్తరం రాశారు. అది ఆ ఏటి లెక్కల నుంచి ఎత్తి రాసిన పౌరుల రిజిస్టరు, సెన్సస్ కాగితం కాదు. పైగా 1951 నుంచి ముత్తాత దాకా ఎట్లా ఎగబాకుతారు?

పట్టా లేనివాడు ఇంకోచోట దొరుకుతాడు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలు ఓడలెక్కారు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో నెల్లూరు జిల్లా వాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాలో ఒక్కో వరుస చూడండి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చ, జిల్లా, తాలూకా, ఊరు. మన కరణం ఏనాడూ రాయని మచ్చను ఆ జాబితా గుమాస్తా రాశాడు! మనిషిని గుర్తుపట్టడానికి రాశాడనుకోండి, మనకు పనికొచ్చింది.

నేను ఇప్పుడు చేస్తున్నది ఆ జాబితాల్లోంచి నెల్లూరు జిల్లా వరుసలు ఏరి ఊళ్లవారీగా పేర్చడం. రామతీర్థం, ముదివర్తి వైపు పాలేల్లో "ఫలానా వాడు ఓడెక్కి పోయాడు" అన్న మాట ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే, అతని తండ్రి పేరుతో సహా నాకు చెప్పండి. ఎండోమెంటు వడ్డీలో ఈ ఏడు ఏమన్నా మిగిలితే, సన్మానపు శాలువా మానేసి ఆ జాబితాల నకళ్ల ఖర్చుకు ఇప్పించమని కమిటీ వారికి నా విన్నపం.