‘పూర్’ అనే మాట – వాడే తీరు
(గొల్లపల్లిలో విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు అందజేసిన సభలో చేసిన ప్రసంగం)



ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన వాణ్ని. ఈ రోజు ఒక్క మాట గురించే చెబుతాను. మన దరఖాస్తులన్నింటిలో కనిపించే ‘పూర్’ అనే మాట.

కొన్నేళ్ల కింద, బీడీలు చేసే ఒక తల్లి తన బిడ్డ ఫీజు సాయం కోసం ఉత్తరం రాసివ్వమంది. ‘షి ఈజ్ ఎ పూర్ స్టూడెంట్’ అని రాసిచ్చాను. చదువులో వెనకబడిన వారికి ఇవ్వమని జవాబు వచ్చింది. ఆ అమ్మాయి క్లాసులో ఫస్ట్! తప్పు నాది. ‘పూర్ స్టూడెంట్’ అంటే చదువు రాని విద్యార్థి అనే అర్థమే ముందు తోస్తుంది. ‘ఎ బ్రైట్ స్టూడెంట్ ఫ్రమ్ ఎ పూర్ ఫ్యామిలీ’ అని రాయాల్సింది. ఆ ఏడు ఫీజు మేం టీచర్లమే తలా కొంత వేసి కట్టాం.

ఈ మాటకు ముఖ్యంగా మూడు అర్థాలు. డబ్బు లేకపోవడం ఒకటి. వ్యతిరేకపదాలు ‘రిచ్’, ‘వెల్తీ’. నాణ్యత తగ్గడం రెండోది: ‘పూర్ హెల్త్’, ‘పూర్ మార్క్స్’, వ్యతిరేకపదం ‘గుడ్’. ‘అయ్యో పాపం’ అనడం మూడోది: ‘పూర్ చైల్డ్’. కోటీశ్వరుడి బిడ్డ కిందపడ్డా ఈ మాటే అంటారు.

పర్యాయపదాలూ అన్నీ ఒకటి కావు. ‘నీడీ’ అంటే అవసరంలో ఉన్నవారు. గల్ఫ్‌లో పని పోయి తిరిగొచ్చిన మనిషికి సొంతిల్లు ఉండొచ్చు, అయినా ఈ నెల అతను నీడీయే. ‘డెస్టిట్యూట్’ అంటే కూడూ గూడూ లేనివారు. ఇలాంటి తేడా మనకు కొత్త కాదు. ఖుర్ఆన్‌లో తౌబా సూరా 60వ ఆయత్ జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో ఫుఖరాను, మసాకీన్‌ను విడివిడిగా పేర్కొంది.

ఇక వ్యాకరణం. ‘ది పూర్’ అంటే పేదలందరూ. అందుకే ‘ది పూర్ ఆర్’ అనాలి, ‘ఈజ్’ కాదు. ‘పూర్స్’ అనకూడదు. ఒక్కరినైతే ‘ఎ పూర్’ అని ఆపకూడదు, ‘ఎ పూర్ మ్యాన్’ అనాలి. మనిషి అనే మాట వదలొద్దని ఇంగ్లీషు వ్యాకరణమే చెబుతోంది.

రాసేవారికి నా మనవి: ఇంటి సంపాదన ఎంత, పోషించేది ఎవరు, ఫీజు ఎంత, ఈ మూడూ స్పష్టంగా రాయండి. దాతలకు మనవి: ‘పూర్ స్టూడెంట్’ అని కనిపిస్తే కాగితం పక్కన పెట్టకండి, ఒకసారి మార్కుల మెమో చూడండి.