డైట్ ప్యాకెట్టు కన్నా పుట్నాలు నయం
(మన వేదిక వార్షిక సభలో సైట్ సూపర్‌వైజర్ల తరఫున చేసిన ప్రసంగం)



మేం డాక్టర్లం కాదు. సివిల్ డిప్లొమా చదివి దుబాయిలో సైట్లు చూసుకునేవాళ్లం. తిండి గురించి మేమెందుకు మాట్లాడాలి అంటే, పొద్దున బస్సు దిగిన కాడి నుంచి సాయంత్రం బస్సు ఎక్కేదాకా మనోళ్లు ఏం తింటున్నారో డాక్టరుకు కనబడదు, మాకు కనబడుతుంది. మా సైట్లలో కొందరికి కంపెనీ డాక్టరు ఎత్తు మీద పని వద్దని రాసిచ్చాడు. ఒకరికి బీపీ, ఒకరికి షుగరు, ఇంకొకరికి బరువు. సేఫ్టీ హార్నెస్ లేబుల్ మీద అది ఎంత బరువు మనిషికి పనికొస్తుందో రాసి ఉంటుంది. ఆ లెక్కలో నడుముకు కట్టుకున్న పనిముట్ల బరువు కూడా కలుస్తుంది. కాబట్టి డాక్టరు మాట కాదనలేం. కానీ పై నుంచి కిందికి దించిన మనిషికి ఓవర్‌టైమ్ తగ్గుతుంది, ఇంటికి పంపే డబ్బులో కోత పడుతుంది. ఇది అందం గురించిన మాట కాదు, బతుకుదెరువు గురించిన మాట.

అలా రాయించుకున్నవాళ్లు ఏం చేశారంటే, సెలవు రోజు సూపర్ మార్కెట్టుకు పోయి డైట్ బిస్కెట్లు, డైట్ మిక్చరు, షుగర్ ఫ్రీ అని రాసినవి సంచి నిండా తెచ్చుకున్నారు. జీతంలో మంచి ముక్క దానికే పోయింది. మూడు నెలల తర్వాత తూకం అక్కడే ఉంది.

ముందు అసలు సంగతి చూద్దాం. ఇంత కష్టం చేసేవాడు బరువెలా పెరుగుతాడని చాలామంది అడుగుతారు. మనలో అందరూ బరువులు మోసే పనిలో లేరు. క్రేన్ ఆపరేటర్, డ్రైవర్, స్టోర్ కీపర్, వాచ్‌మన్ వీళ్లది రోజంతా కూర్చునే పని. మోసేవాళ్ల దగ్గర కథ వేరు. క్యాంపులో అన్నం డబ్బా తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి కడతారు. తినేది మధ్యాహ్నం పన్నెండున్నరకు. ఎండాకాలం అప్పటికి డబ్బా మూత తీస్తే పులిసిన వాసన. "ఏం జేస్తమన్నా, ఒక ముద్ద తిని పారేస్తున్నం" అంటారు. పారేసిన ఆ అన్నం బదులు కడుపులో పడేది ఏంటి? తొమ్మిదిన్నరకు కరక్ చాయ్, రెండు సమోసాలు. మధ్యాహ్నం క్రీమ్ బిస్కెట్టు, కోలా డబ్బా. సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు చిప్స్, ఇంకో చాయ్. రాత్రి క్యాంపుకు పోయాక పొద్దుటి ఆకలంతా కలిపి పళ్లెం నిండా అన్నం. బరువు పెంచేది పళ్లెం ఒక్కటే కాదు, పళ్లేనికి పళ్లేనికి మధ్య తినేవి.

చాయ్ లెక్క ఒక్కసారి వేసి చూడండి. కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకుంటే రోజుకు ఐదు కప్పులకు పది చెంచాలు, అంటే సుమారు 50 గ్రాములు, 200 కేలరీలు. 330 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు రెండు తాగితే ఇంకో 280 కేలరీలు. నమిలింది ఏమీ లేదు, కడుపు నిండింది లేదు, 480 కేలరీలు లోపలికి పోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదనపు చక్కెరను రోజుకు 25 గ్రాముల దగ్గర ఆపగలిగితే మంచిదంటుంది. ఈ దేశంలో 2017 అక్టోబరులో కోలాల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేసింది ఊరికే కాదు. ఎనర్జీ డ్రింకు గురించి ఎక్కువ చెప్పం. ఎండలో గుండె ఇప్పటికే గట్టిగా కొట్టుకుంటుంటే దాన్ని ఇంకా తరమడం దేనికి?

ఇప్పుడు డైట్ ప్యాకెట్ల దగ్గరికి వద్దాం.

మనం సిమెంటు బస్తా దించుకునేటప్పుడు దాని మీద గ్రేడు, తయారైన తేదీ చూడకుండా దించుకోం. కాంక్రీటు అంటే మిక్స్ రేషియో అడుగుతాం. నోట్లో వేసుకునేదాని మిక్స్ మాత్రం చూడం, ముందు వైపున్న గోధుమ కంకి బొమ్మ చూసి కొనేస్తాం. ప్యాకెట్టు వెనక్కి తిప్పండి. పదార్థాల పట్టిక ఉంటుంది. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలి, ఇది రూలు. మొదటి మూడు పేర్లలో మైదా, చక్కెర, పామాయిలు ఉంటే ఆ ప్యాకెట్టు మీద ఏ పేరున్నా అది బిస్కెట్టే. "చక్కెర కలపలేదు" అని ముందు రాసి, వెనక మాల్టోడెక్స్‌ట్రిన్ అనో, పండ్ల రసం గాఢత అనో ఉంటుంది. చక్కెరకు చుట్టాలే అవన్నీ.

డైజెస్టివ్ బిస్కెట్టు తీసుకోండి. పేరు వింటే అరుగుదల మందు అనిపిస్తుంది. వంద గ్రాములకు 450 నుంచి 490 కేలరీలు. మనం చాయ్‌లో ముంచుకునే మామూలు గ్లూకోజ్ బిస్కెట్టుకూ ఇంచుమించు అంతే. పీచు కాస్త ఎక్కువ, నిజమే. కానీ "డైట్‌ది కదా" అని రెండు తినేవాడు ఆరు తింటున్నాడు. ఇంకో మాయ, కేలరీల అంకె. ముందు వైపు పెద్దగా రాసిన అంకె ఒక్క బిస్కెట్టుకు. ప్యాకెట్లో ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టేది మనం. వంద గ్రాముల గడి చూసి పోల్చుకుంటేనే ఏది ఏంటో తెలుస్తుంది. పండు పేరుతో వచ్చే కొవ్వులేని పెరుగు కప్పులు కూడా అంతే, వెన్న తీసినచోట చక్కెర పోస్తారు.

2019లో అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో డాక్టర్ కెవిన్ హాల్ బృందం ఒక పరీక్ష చేసింది. ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా మార్చిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. ఇచ్చిన తిండిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లోనూ సమానంగా చూశారు. కావలసినంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లే రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. వండిన తిండి మీద దాదాపు అంతే తగ్గారు. మెత్తగా ఉంటుంది, నమలక్కర్లేదు, తొందరగా దిగిపోతుంది. కడుపు చాలు అనేలోపే ప్యాకెట్టు ఖాళీ. ఇక చక్కెర బదులు తీపి మందులు కలిపినవాటి సంగతి. బరువు తగ్గడానికి వాటి మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది.

వీటికన్నా మాకు ఎక్కువ భయం స్లిమ్మింగ్ టీలు, పొడులు. క్యాంపుల్లో మన పక్క బెడ్డు మనిషే డబ్బా పట్టుకొచ్చి "అన్నా, నెలకు ఐదు కిలోలు గ్యారంటీ" అంటాడు. అతని కింద ఇంకో ఇద్దరిని చేర్చమంటాడు. డబ్బులు పోవడం ఒక్కటే నష్టమైతే సరే అనుకోవచ్చు. ఆ టీల్లో చాలావాటిలో ఉండేది సునాముఖి ఆకు, అంటే విరేచనాల మందు. తగ్గేది కొవ్వు కాదు, ఒంట్లో నీరు, ఉప్పు. జూన్ నెలలో ఫార్మ్‌వర్క్ మీద నిలబడ్డవాడికి అది తగ్గితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకోటి సిబుట్రమిన్ అనే మందు. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఉందని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేశారు, 2011లో మన దేశంలో నిషేధించారు. అయినా మూలికల పేరుతో అమ్మే సరుకులో అది దొంగచాటుగా కలిపి ఉన్నట్టు అమెరికా ఔషధ సంస్థ ఎన్నోసార్లు హెచ్చరించింది. పేరూ ఊరూ లేని డబ్బా ఎవరు తెచ్చినా, మీ బావమరిది తెచ్చినా సరే, ముట్టుకోవద్దు.

మరి ఆకలేస్తే ఏం తినాలి? మా సైట్లలో కుదిరినవే చెబుతాం.

అన్నిటికన్నా సులువు వేయించిన సెనగలు. కరీంనగరోళ్లకు, కడపోళ్లకు పేరు దగ్గరే పేచీ వస్తుంది. పుట్నాలంటే పొట్టు తీసినవని ఒకరు, పప్పులంటే చాలని ఒకరు. ఏదైనా పర్లేదు, పొట్టుతో ఉంటే ఇంకా మంచిది. గుప్పెడు, అంటే 30 గ్రాములు, 110 కేలరీల పైచిలుకు, ఆరు గ్రాముల దాకా ప్రొటీను. జేబులో వేసుకుంటే ఎండకు పాడవవు, ఫ్రిజ్ అక్కర్లేదు. పల్లీలు కూడా మంచివే కానీ అదే గుప్పెడుకు 170 కేలరీలు, కాబట్టి డబ్బా ముందు పెట్టుకుని సినిమా చూస్తూ తినేవి కావు. మరమరాలు, బొరుగులు, ఏ పేరైనా అనండి, ఇన్ని పుట్నాలు, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపితే సాయంత్రం చిప్స్ గుర్తు రావు. సెలవు రోజు కామన్ కిచెన్‌లో నల్ల సెనగలు ఉడకబెట్టుకుంటే గుగ్గిళ్లు, మావైపు గుడాలంటాం. రూములో హీటరు పెట్టి ఉడకబెట్టమని మాత్రం మేం చెప్పడం లేదు, ఫైర్ రూల్ ఫైర్ రూలే.

బీహార్ తమ్ముళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. సత్తు. వేయించిన సెనగల పిండి. రెండు మూడు చెంచాలు నీళ్లలో కలిపి, ఉప్పు, నిమ్మకాయ, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి తాగుతారు. అన్నం డబ్బా పులిసిన రోజున వాళ్లు కోలా కోసం పరిగెత్తరు, సీసా ఊపుకుని తాగేస్తారు. మన అంబలి లాంటిదే, కాకపోతే కాచే పని లేదు.

గుడ్లు ఉడకబెట్టుకుంటే బస్సు ఎక్కేముందే తినండి. ఒక్కో గుడ్డు 70 కేలరీల పైన, ఆరు గ్రాముల ప్రొటీను. ఆ ఎండలో సంచిలో పెట్టుకుని పదింటికి తింటే కడుపు పాడవుతుంది. మొలకలు కూడా పొద్దున్నే. సైటుకు పొడివి, తొక్క ఉన్నవి పట్టుకెళ్లాలి. అరటిపండు, నారింజ, కోయని కీరదోసకాయ. లబాన్ మన మజ్జిగే, చల్లటిది అక్కడికక్కడ కొనుక్కుని తాగాలి, స్ట్రాబెర్రీది కాదు. ఖర్జూరం ఇక్కడ చవక, మంచిది కూడా, అయితే మూడు నాలుగు. అరకిలో డబ్బా అయిపోతే అది మిఠాయి తిన్నట్టే. చాయ్ మానమంటే ఎవరూ మానరని మాకు తెలుసు. ఐదు మూడు చేయండి, రెండు చెంచాలు ఒకటి చేయండి. నాలుకకు వారం పది రోజులు కష్టం, తర్వాత పాత చాయే వెగటు అనిపిస్తుంది.

షుగరు మాత్రలు వాడేవాళ్లు ఒక మాట వినాలి. మీరు డాక్టర్ని అడక్కుండా పూట మానొద్దు. కొన్ని మాత్రలు వేసుకుని తినకపోతే షుగరు ఒక్కసారి పడిపోయి కళ్లు తిరుగుతాయి. నేల మీదైతే కూర్చోవచ్చు, పదో అంతస్తు అంచున కాదు. ఇన్సూరెన్స్ కార్డు మీ దగ్గరుంది, దానికి మీరు సిగ్గుపడే పని లేదు, వాడండి. ఇంకోటి, డ్యూటీ దిగాక తూకం ఎక్కి "రెండు కిలోలు తగ్గిన" అని సంబరపడేవాళ్లున్నారు. అది చెమట. నీళ్లు తాగితే వచ్చేస్తుంది, రావాలి కూడా. బరువు కోసం నీళ్లు తగ్గించుకునేవాణ్ణి మేం పని మీదికి పంపం. వారానికి ఒక రోజు, పొద్దున లేవగానే, ఒకే తూకం మీద చూసుకోండి. వారానికి అరకిలో తగ్గినా దారిలో ఉన్నట్టే.

ఇదంతా కూలీ నోటి తప్పు అని మేం అనడం లేదు. పులిసిన డబ్బా ఇచ్చి, సైటు గేటు దగ్గర సమోసా, కోలా తప్ప ఏదీ దొరక్కుండా చేసి, తర్వాత లావయ్యావు దిగు అనడం న్యాయం కాదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని ఆపాలనే రూలు ఉంది కదా. ఆ టైముకు సరిగ్గా వేడి అన్నం డబ్బాలో మూసి పదకొండింటికి సైటుకు చేరేలా రెండో ట్రిప్పు పంపమని మా సూపర్‌వైజర్లం రాతపూర్వకంగా అడిగాం. ఒక సైటులో ఒప్పుకున్నారు. అక్కడ మధ్యాహ్నం బిస్కెట్ల బేరం సగానికి సగం పడిపోయిందని గేటు దగ్గరి దుకాణం మలబారీ కాకానే మాతో అన్నాడు, కొంచెం కోపంగానే. మిగతా సైట్ల కోసం వేదిక తరఫున ఒక లెటరు తయారవుతోంది. క్యాంపు పేరు, డబ్బా వచ్చే టైము, తినే టైము రాసి సంతకం పెడితే చాలు.

మీటింగ్ అయ్యాక మేం ముగ్గురం వెనక టేబుల్ దగ్గర ఉంటాం. లెటరు అక్కడే ఉంది. మీ జేబుల్లో, సంచుల్లో ఏ డైట్ ప్యాకెట్టున్నా పట్టుకురండి. వెనక ఇంగ్లీషు అక్షరాలు చదవడం రానివాళ్లకు చక్కెర, పామాయిలు, గ్లూకోజ్ పాకం అనే మాటలు ఎలా ఉంటాయో కాగితం మీద పెద్దగా రాసిస్తాం. దాన్ని ఫోనులో ఫోటో తీసుకుని దుకాణానికి పట్టుకెళ్లండి. పక్కనే రెండు కిలోల సెనగలు పెట్టాం, చాయ్‌తో పాటు తీసుకోండి, చాయ్‌లో చక్కెర తక్కువే ఉంటుంది.