వాంతులు తగ్గిన మనిషికి రెండు రోజులు వంట వద్దు



పొదుపు, వాయిదాల లెక్కలు ముందే చదివి వినిపించారు. మేము లెక్కల్లోకి రాని ఒక సంగతి చెప్పడానికి వచ్చాం. ఇందులో మా తప్పు ఉంది. అయినా చెప్పాలనే తీర్మానించుకున్నాం.

పోయిన చలికాలంలో ఒక పొదుపు మీటింగుకి మా సభ్యురాలు ఒకామె పులిహోర కలిపి తెచ్చింది. అందరం తిన్నాం. మర్నాడు సాయంత్రం నుంచి ఒక్కొక్కరింట్లో వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. మూడు రోజులు కూలికి పోలేకపోయాం. కొందరు వాయిదా డబ్బు తీసి ప్రైవేటులో సెలైన్ పెట్టించుకున్నారు. అందరం కలిసి ఆమెనే అన్నాం. పాచి అన్నం కలిపిందన్నాం, శుభ్రం లేదన్నాం. ఆ మాటలు పడలేక ఆమె రెండు నెలలు మీటింగుకి రాలేదు. సంఘంలోంచి పేరు తీసెయ్యమని కబురు పంపింది.

అప్పుడు ఏ.ఎన్.ఎం. మేడమ్ గారు వచ్చి ఒకే ప్రశ్న అడిగారు: "మీ అందరికంటే ముందు ఎవరికి వచ్చింది?" వెనక్కి లెక్కపెట్టుకుంటే తెలిసింది. ఆ వారంలోనే ఆమె చంటిపిల్లకు విరేచనాలు అయ్యాయి. పిల్లను కడిగిన తల్లికీ వాంతులయ్యాయి. మీటింగుకి ముందు రోజే తగ్గింది. తగ్గింది కదా అని లేచి వండింది. అన్నం తాజాదే, చింతపండు మంచిదే. కానీ పులిహోర చల్లారాక చేత్తో కలుపుతాం, మళ్లీ పొయ్యి మీద పెట్టం. చేతికున్నది అన్నంలోకి వచ్చింది.

పరీక్షలు చేయించలేదు గనుక ఇది ఫలానా వైరస్ అని మేము చెప్పలేం. ఇలా ఇంటింటికీ పాకేవాటిలో ముఖ్యమైనవి నోరో వైరస్, పసిపిల్లల్లో రోటా వైరస్ అని మేడమ్ గారు చెప్పారు. ఇవి జబ్బు మనిషి విరేచనంలో, వాంతిలో ఉంటాయి. కంటికి కనపడనంత అంటినా చాలు, ఇంకొకరికి వస్తుంది. నోరో అయితే సాధారణంగా పన్నెండు గంటల నుంచి రెండు రోజుల లోపు బయటపడుతుంది. వాంతులు ఆగిపోయాక కూడా కొన్ని రోజులు విరేచనంలో వైరస్ పోతూనే ఉంటుంది. మాకు తెలియనిది ఇదే.

అందుకే మేము ఇలా చేస్తున్నాం. మీరూ చెయ్యండి.

వాంతులు, విరేచనాలు ఆగాక కూడా రెండు రోజులు ఆ మనిషి నలుగురికీ వండకూడదు, వడ్డించకూడదు. "మరి ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని మీరు అడుగుతారు. మేమూ అడిగాం. ఇంట్లో మగవాళ్లు చెయ్యాలి. అది కాకపోతే సంఘంలో పక్కింటివాళ్లు వంతుల వారీగా ఒక గిన్నె కూర, ఒక గిన్నె అన్నం పంపాలి.

దొడ్డికి వెళ్లొచ్చాక, పిల్లల్ని కడిగాక, వంటకు ముందు, తినే ముందు సబ్బుతో చేతులు రుద్ది కడగాలి. నోరో వైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచెయ్యదు. వాంతి పడ్డచోట తుడిచి, ఆశా అక్క చెప్పిన పాళ్లలో బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి. అందులో యాసిడ్ కలపవద్దు, విషపు గాలి వస్తుంది.

యాంటీబయాటిక్ బిళ్లలు వైరస్‌ను చంపవు. ఒంట్లో నీళ్లు పోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. ఓ.ఆర్.ఎస్. పెద్ద పాకెట్టు ఒకటి పూర్తిగా లీటరు మంచినీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగించాలి. కలిపింది ఒక్కరోజే వాడాలి. బిడ్డ కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో పట్టాలి. తల్లిపాలు ఆపవద్దు, కడుపు మాడ్చవద్దు. పిల్లలకు జింక్ బిళ్లలు వయసును బట్టి ఇస్తారు. విరేచనాలు తగ్గినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి.

కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మత్తుగా పడున్నా, ఏమీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఉంచకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అప్పుడు సెలైన్ కావాలి.

రోటా వైరస్‌కి చుక్కల మందు ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఉచితంగా వేస్తారు. 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ చుక్కలు అన్ని విరేచనాలనూ ఆపవు గానీ, పసిపిల్లలకు రోటా వల్ల ప్రాణాపాయం రాకుండా చాలావరకు కాపాడతాయి. మీ సంఘంలో చంటిబిడ్డ తల్లి ఉంటే కార్డు చూడండి.

సంగతి తెలిశాక మేమందరం ఆమె ఇంటికి వెళ్లాం. తప్పయిందని అడిగాం. ఆమె ఏడ్చింది, మేమూ ఏడ్చాం. "నాకు తెలిస్తే వండేదాన్నా అక్కా?" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మాకెవరికీ తెలియదు కదా. ఆమె స్థానంలో మాలో ఎవరున్నా అదే చేసేవాళ్లం.

ఇప్పుడు ఆమె మీటింగుకి వస్తోంది. మా పొదుపు పెట్టె పక్కన ఒక సబ్బు, ఒక బకెట్టు నీళ్లు, నాలుగు ఓ.ఆర్.ఎస్. పాకెట్లు ఉంటాయి. వాటిని చూసుకునే బాధ్యత ఆమే అడిగి తీసుకుంది. పులిహోర గరిటెతో కలుపుతున్నాం.

రెండు రోజుల వంట మాటను మీ సంఘం మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాసుకోండి అక్కా. జబ్బు వస్తే ముందు మనిషిని తిట్టకండి, ముందు గిన్నె పంపండి.