పాత బండి: కారణం తెలిశాకే ఖర్చు

(బోధన్‌లో ఆటో, ట్రాక్టర్ డ్రైవర్లు, మెకానిక్‌ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1937లో ఇక్కడి శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటివరకు చెరకు మోసిన ట్రాక్టర్లు కొన్ని ఇళ్ల ముందే నిలిచిపోయాయి. దాన్ని నమ్ముకున్న కుటుంబాల పిల్లలు కొందరు నిజామాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ ఆటోలు నడుపుతున్నారు. ఉదయం బండి స్టార్ట్ కాకపోతే ఆ పూట సంపాదన లేదు. ఆ గాబరాలో అప్పు చేసి కొత్త బ్యాటరీ కొంటారు. బండి అప్పటికీ కదలదు!

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసినవాళ్లం. ఫైలు ఆగిందంటే అది ఏ బల్ల మీద ఆగిందో ముందు కనుక్కునేవాళ్లం. బండికీ అదే పద్ధతి.

మొదట సెల్ఫ్ తిరుగుతోందా లేదా చూడాలి. తిరగకుండా ‘టిక్’మని ఊరుకుంటే హెడ్‌లైటు వేసి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. లైటు బాగా మసకబారితే బ్యాటరీలో బలం లేదు, లేదా టెర్మినళ్లకు తెల్లటి చిలుము పట్టింది. వాటిని విప్పి, గీకి, బిగించండి. ఎర్త్ తీగ చట్రానికి గట్టిగా అంటి ఉందో లేదో కూడా చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు. రాత్రంతా కదలని మంచి బ్యాటరీ మీటరులో 12.6 వోల్టుల దగ్గర చూపుతుంది. పూర్తిగా చార్జి చేశాక కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగజారితే అప్పుడు కొత్తది కొనవచ్చు. లైటు ఏమాత్రం తగ్గకపోతే బ్యాటరీని వదిలి సెల్ఫ్ మోటారునూ దాని తీగలనూ అనుమానించాలి.

సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజన్ అందుకోకపోతే సంగతి వేరు. డీజిల్ బండి అయితే సైలెన్సరు వైపు చూడండి. పొగ అసలే రాకపోతే డీజిల్ లోపలికి చేరడం లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గాని మండడం లేదు. అప్పుడు హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్ చూడాలి. చాలాకాలం నిలిచిన ట్రాక్టర్లో తరచుగా ఎదురయ్యేది పైపులో గాలి పట్టడం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ, బుడగలు పోయి డీజిల్ ఒకే ధారగా వచ్చేదాకా ఆగి బిగించాలి. తరువాత పెద్ద పంపు దగ్గర కూడా అంతే. అడుగున నీళ్లు చేరి ఉంటే ముందు వాటిని వదిలేయాలి. ఓపిక పట్టండి, పది సెకన్లకు మించి ఏకధాటిగా సెల్ఫ్ కొడితే అదీ కాలిపోతుంది.

ఈ విద్య మన మిస్త్రీల చేతుల్లో ఉంది. పొగ రంగు చూసి రోగం చెప్పగలవాడి దగ్గర ఒక్క కాగితమూ లేదు. కాగితం లేనిదే కంపెనీ సర్వీసు సెంటర్లో ఉద్యోగం రాదు, బ్యాంకులో అప్పు పుట్టదు. ముస్లిం కార్మికులు ఎక్కువగా ఉన్న వృత్తుల్లో మోటారు వాహనాల మరమ్మతు ఒకటని 2006లో సచార్ కమిటీ పేర్కొన్నది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని చేస్తూ నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే విభాగాన్ని చేర్చారు. అది మనకు దక్కవలసిన హక్కు, ఎవరి దయా కాదు. బోధన్‌లోనే ఆ పరీక్ష జరపాలని కలెక్టరుగారికి వినతిపత్రం ఇవ్వబోతున్నాం. మెకానిక్ సోదరులు తమ పేరు, పని చేసిన ఏళ్లు, ఏ బండ్ల మీద చేశారో రాసి ఈ సాయంత్రమే మాకు అందజేయండి. రాయడం రానివారు చెప్పండి, మేము రాసుకుంటాం.