కెమెరా లెక్కయు, మన లెక్కయు



నేను లెక్కల శాఖలో పనిచేయువాడను. ఛాయాగ్రహణము నాకు సెలవు దినముల వ్యసనము మాత్రమే. కార్యదర్శిగారు నన్నీ విషయముపై మాటలాడుమనుటకు కారణము నా ప్రావీణ్యము కాదు, నేను చేసిన యొక పొరపాటు.

కొన్ని సంవత్సరముల క్రిందట మన ఉగాది సభలో ఒక పెద్దలు పద్యములు పాడిరి. తెల్లని పంచె, వెనుక నల్లని తెర, పైనుండి ఒకే దీపము. నేను ముందు వరుసలో కూర్చుండి, క్రొత్త డిజిటల్ కెమెరాను దాని యిష్టమునకు విడిచి, నూటికి పైగా చిత్రములు తీసితిని. ఇంటికి పోయి చూడగా తెర బూడిద వర్ణమున నుండెను; వారి ముఖము సున్నము కొట్టిన గోడవలె తెల్లబడి, కన్నును ముక్కును తెలియకుండెను. మరుసటి మాఘమాసమున ఆ పెద్దలు స్వర్గస్థులైరి. వారి కుమారుడు వచ్చి, గోడకు తగిలించుకొనుటకు ఆనాటి చిత్రమొక్కటి యిమ్మని యడిగెను. నాయొద్ద ఇయ్యదగిన దొక్కటియు లేకపోయెను.

తప్పు కెమెరాది కాదు. దానిలోని కాంతిమాపకము ఎదుట నున్నది నలుపో తెలుపో యెరుగదు. దృశ్యమంతయు సగటున నడిమి బూడిదరంగున నుండునని యెంచి లెక్కకట్టును. నల్లని తెర చిత్రములో ముప్పాతిక నిండినచో, చీకటిగా నున్నదని తలచి వెలుగును అధికముగా రానిచ్చును. ఢిల్లీ పొగమంచులో దీనికి విపర్యయము: తెల్లని మంచు మాసిన గుడ్డవలె వచ్చును. 1957 నాటి 'మాయాబజారు'లో మార్కస్ బార్ట్‌లీ చూపిన వెన్నెలను మీరెరుగుదురు. అట్టి వెన్నెలను కెమెరా యిష్టమునకు విడిచినచో పట్టపగలు చేసిపెట్టును. ఈనాటి కెమెరాలు ముఖములను గుర్తుపట్టి కొంత తెలివి చూపుచున్నవి గాని, వానిని పూర్తిగా నమ్మరాదు. డిజిటల్ చిత్రమున చీకటిలో మునిగినదానిని కొంత పైకి తేవచ్చును. పూర్తిగా తెల్లబడిన చోట తెచ్చుటకేమియు మిగులదు.

వెలుగును పాలించునవి మూడు: కటకపు ద్వారము, షట్టరు తెరచియుండు కాలము, ఐ.ఎస్.ఓ. అను గ్రహణశక్తి. ద్వారపు సంఖ్యను 2.8 నుండి 4కు, 4 నుండి 5.6కు జరిపిన ప్రతిసారియు వెలుగు సగమగును. షట్టరును 1/125 నుండి 1/250కు మార్చినను అంతే.

ఇక చక్రముపై నున్న అక్షరములు. నికాన్, సోనీ కెమెరాలపై 'ఏ', 'ఎస్', 'ఎమ్' అని యుండును. కెనాన్‌పై మొదటి రెండును 'ఏవీ', 'టీవీ'. (మా పిల్లలు 'టీవీ'ని చూచి వార్తలు వచ్చునా యని యడిగిరి.) 'ఏ'లో ద్వారము మనది, షట్టరు కెమెరాది, 'ఎస్'లో షట్టరు మనది, ద్వారము కెమెరాది. ఈ రెంటను లెక్క మాత్రము కెమెరాదే. దానిని దిద్దుటకు ప్లస్, మైనస్ గుర్తుల బొత్తాము కలదు. నల్లని తెర ముందు మైనస్ 1తో, మంచులో ప్లస్ 1తో మొదలుపెట్టుడు. వనభోజనములలో మబ్బు వచ్చి పోవుచుండగా 'ఏ' కంటె హాయియైనది లేదు. కూచిపూడి పాదములు చెదరకుండుటకు 'ఎస్'లో 1/250 మేలు. ద్వారము పూర్తిగా తెరచినను వెలుగు చాలనిచో ఐ.ఎస్.ఓ. పెంచవలయును. కొంత గరుకు వచ్చినను చెదరిన ముఖము కంటె నయము.

రంగస్థలమున మాత్రము నేనిప్పుడు 'ఎమ్'ను విడువను. దీపము మారనప్పుడు నర్తకి తెర నడుమ నుండి అంచునకు జరిగినంతనే మిగిలిన పద్ధతులు లెక్క మార్చును. ఆమె ముఖముపై వెలుగు మారలేదు గదా! 'ఎమ్'లో ద్వారము, షట్టరు రెండును మనవే. ముఖమునకు సరిపోవునట్లు పెట్టి, ఒక చిత్రము తీసి, అధికమైన వెలుగు మినుకుమినుకుమని తెలుపు ఏర్పాటును చూడుడు. నుదురు మినుకుమన్నచో వెలుగు తగ్గింపుడు. పంచె అంచు కొంచెము మినుకుమన్నను బాధ లేదు. ఐ.ఎస్.ఓ.ను కూడ స్వయంచాలకముగా నుంచరాదు. ఉంచినచో మనము వేసిన ముడిని కెమెరా వెనుకనుండి విప్పుచుండును. ఈ సంగతి తెలియక నేను మరియొక సభ పాడుచేసితిని.

నేటి నాటకమునకు దీపములు సరిచూచుచున్నారు. నేను ఎడమవైపు మూడవ వరుసలో నుందును. కెమెరాలు తెచ్చినవారు తెర లేచుటకు ముందే చక్రమును 'ఎమ్'కు త్రిప్పి నాయొద్దకు రండు.