ఆకాశానికి నిచ్చెన వేసిన ఇంజనీరు
(సంఘం వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆజ్ఞాపించారు. చదువుకోండి, చదువుకోండి అని మేము రోజూ బడిలో చెప్పేదే. కనుక ఈ పూట ఉపదేశం మాని ఒక మనిషి కథ చెబుతాను.

మనలో హజ్‌కు వెళ్ళివచ్చిన పెద్దలున్నారు. జిద్దా విమానాశ్రయంలో హజ్ టెర్మినల్ మీద వరుసలుగా నిలబెట్టిన తెల్లటి గుడారాలు వారికి గుర్తుండే ఉంటాయి. మొత్తం 210 గుడారాలు. గాజు నూలు బట్టకు టెఫ్లాన్ పూత పూసి చేసినవి. వేడిగాలి పైకి లేచి గుడారం నడినెత్తిన ఉన్న రంధ్రం గుండా పోతుంది, కింద యాత్రికులు నీడన సేద తీరుతారు. 1981లో తయారైన ఆ కట్టడానికి ఇంజనీరుగా పనిచేసిన వారిలో ముఖ్యులు ఫజ్లుర్ రహమాన్ ఖాన్ సాహెబ్.

ఆయన 1929 ఏప్రిల్ 3న ఢాకాలో పుట్టారు. తండ్రి గణితం చెప్పిన విద్యావేత్త. ఖాన్ సాహెబ్ కలకత్తా దగ్గర శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. 1950 నాటి అల్లర్ల వల్ల అక్కడి చదువు మధ్యలో వదిలి, ఢాకాలోని అహసనుల్లా కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. 1952లో విద్యార్థి వేతనం మీద అమెరికా వెళ్ళి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మూడేళ్ళలో రెండు మాస్టర్ డిగ్రీలు, ఒక డాక్టరేటు సంపాదించారు. మూడేళ్ళలో మూడు! మనం ఒక్క పరీక్ష తప్పితే ఇంట్లో కూర్చుంటాం.

1955లో షికాగోలో స్కిడ్మోర్ కంపెనీలో చేరారు. 1957లో కరాచీకి తిరిగివచ్చి పనిచేశారు గాని, తాను కోరిన డిజైను పని అక్కడ దొరకలేదు. 1960లో మళ్ళీ షికాగో చేరి, పాత కంపెనీలోనే పని మొదలుపెట్టారు. రెండుసార్లు పరాయి దేశంలో నిలదొక్కుకోవటం చిన్న విషయం కాదు.

ఇక ఆయన కనిపెట్టినదేమిటి? మేడ ఎత్తు పెరిగేకొద్దీ దాని బరువు కంటే గాలి పెద్ద శత్రువు అవుతుంది. గాలికి ఊగకుండా లోపల స్తంభాలూ దూలాలూ పెంచుకుంటూ పోతే ఉక్కు ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఖాన్ సాహెబ్ ఆ బలాన్నంతా వెలుపలి గోడకు తెచ్చారు. స్తంభాలను చుట్టూ దగ్గర దగ్గరగా నిలిపి, మేడ మొత్తాన్ని ఒక గొట్టంలా చేశారు. మన వెదురు బొంగును చూడండి. లోపల బోలు, అయినా గాలివానకు విరగదు. షికాగోలో 43 అంతస్తుల డెవిట్ చెస్ట్‌నట్ భవనం ఈ పద్ధతిలో కట్టిన మొదటిది. తరువాత 100 అంతస్తుల జాన్ హాన్‌కాక్ భవనానికి బయటివైపు పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల్లా ఉక్కు కమ్ములు బిగించారు. న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు అడుగుకు సుమారు 42 పౌన్ల ఉక్కు పడితే, దీనికి 30 పౌన్లే సరిపోయింది.

ఆ తరువాతది సియర్స్ టవర్. 110 అంతస్తులు, సుమారు 1,450 అడుగులు. 1998 దాకా ప్రపంచంలో అన్నింటికంటే ఎత్తైన భవనంగా నిలిచింది. 2009 నుంచి దానిపేరు విల్లిస్ టవర్. తొమ్మిది గొట్టాలను కట్టగా కట్టి దాన్ని నిలబెట్టారు. ఇది నేను మా తరగతిలో తొమ్మిది చీపురు పుల్లలు దారంతో కట్టి చూపించాను. అయితే ఒక మాట గమనించండి. ఆ గొట్టాలన్నీ ఒకే ఎత్తువి కావు. రెండు 50వ అంతస్తు దగ్గర ఆగాయి, రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర. చివరిదాకా వెళ్ళినవి రెండే.

అది చూసి మా వెనక బెంచీ కుర్రవాడొకడు, "సార్, మధ్యలో ఆగినవి దండగేనా?" అన్నాడు. వాళ్ళ అన్న పదవ తరగతితో చదువు మాని మోటారు షెడ్డులో చేరాడు. ఆ అన్న కూలి డబ్బుతోనే వీడి ఫీజు కడుతున్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరువాత చెప్పాను: "బేటా, కింద ఆగినవి పక్కనుండి పట్టుకున్నాయి గనకనే ఆ రెండూ గాలికి నిలిచాయి."

ఖాన్ సాహెబ్ తన వాళ్ళను మరచిపోలేదు. 1971లో బంగ్లాదేశ్ ప్రజలు కష్టాల్లో ఉన్నప్పుడు షికాగోలో ఉండి సహాయం కూడగట్టారు. ఇంజనీరు తన విద్యలోనే మునిగిపోకూడదని, కళలను, సంగీతాన్ని, మనుషులను ప్రేమించాలని అనేవారు. పేరంతా తనదేనని కూడా అనుకోలేదు. వాస్తుశిల్పి బ్రూస్ గ్రాహం వంటి సహచరులతో కలిసి పనిచేశారు. 1982 మార్చి 27న జిద్దాలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 52 ఏళ్ళే. మరుసటి ఏడు హజ్ టెర్మినల్‌కు ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది.

పెద్దలారా, ఆయనకు ఆనాడు విద్యార్థి వేతనం అందకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మన సంఘం ఇచ్చే పుస్తకాల సహాయం చిన్నదే. కాని పదవ తరగతి తరువాత ఏ పిల్లవాడు, ముఖ్యంగా ఏ ఆడపిల్ల, డబ్బు లేక ఆగిపోతున్నదో మన మొహల్లాలో మనకు తెలియనిది కాదు. ఈ సంవత్సరం ఆ ఇళ్ళకు మనమే వెళ్దాం, వాళ్ళను రమ్మనవద్దు. షెడ్డులో పనిచేసే అన్నలకు రాత్రి పూట చదువు చెప్పటానికి వారానికి రెండు రోజులు నేను వస్తాను. చోటు మీరు చూపించండి.

అల్లాహ్ మరహూం ఖాన్ సాహెబ్‌కు జన్నత్ ప్రసాదించుగాక. మన పిల్లల ఇల్మ్‌లో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.